తోక బరువు పక్షులు

ఆ ఇంట్లో ఇద్దరు మాస్టర్లు. భార్య బడిలో సైన్సు మాస్టరు, భర్త కింద కొట్లో కుట్టుమిషను మాస్టరు. ఆవిడ పిల్లల బుర్రలకు పదును పెడితే, ఆయన పిల్లల నిక్కర్లకు బొత్తాలు పెడతాడు. తేడా అంతా నోటి దగ్గరే. ఆవిడ అవసరమైతే తప్ప మాట్లాడదు. ఆయన మాట్లాడకుండా ఉంటే ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు పరామర్శకు వస్తారు. భార్య చెవిలో ఆయన రహస్యం చెబితే ఎదురింటివాళ్ళు సలహా ఇస్తారు.

వీధికి అవతలి వైపు, మందుల షాపు పైన, గ్రంథాలయం. దాన్ని నడిపే ఆవిడను పిల్లలు ఉష్ మేడమ్ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉండే ఉంటుంది గానీ, ఆవిడ నోట ఎక్కువసార్లు వచ్చే మాట అదే కాబట్టి అదే స్థిరపడింది. అక్కడ చెప్పులు మెట్ల దగ్గర వదలాలి. చెప్పడాలు కూడా మెట్ల దగ్గరే వదలాలి. కుట్టు మాస్టరు ఒకసారి లోపలికి వెళ్ళి "వారపత్రిక వచ్చిందా అండీ" అని గుసగుసగా అడిగేసరికి, నిద్రలో ఉన్న పాఠకులు ముగ్గురు లేచి కూర్చున్నారు. లేచినవాళ్ళలో ఒకాయన అప్పటిదాకా పత్రిక తలకిందులుగా పట్టుకుని ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి మాస్టరుకు గుమ్మం దాకానే ప్రవేశం.

టీచరమ్మకు మాత్రం ఆ హాలంటే ప్రాణం. కారణం ఉంది. బడి పుస్తకంలో ఎగరడం అనే శాస్త్రానికి దక్కిన ఆస్తి ఒక విమానం బొమ్మ, దానికి నాలుగు వైపులా నాలుగు బాణాలు. బాణాల పేర్లు బట్టీ పట్టినవాడికి రెండు మార్కులు. బాణం ఏ వైపు ఎందుకు గుచ్చుకుందో అడిగినవాడికి ఒక చివాటు. ఏళ్ళ తరబడి ఆ బాణాలు బోర్డు మీద గీసీ గీసీ ఆవిడకు విసుగెత్తింది. ఉష్ మేడమ్‌ను బతిమాలి, ఆదివారం పొద్దున ఒక గంట హాలు అడిగి పుచ్చుకుంది.

మొదటి రోజు పిల్లలకు తలా ఒక సన్నటి కాగితం పట్టీ ఇచ్చి, కింది పెదవికి ఆనించుకుని పై నుంచి ఊదమంది. కిందికి వేలాడాల్సిన పట్టీ పైకి లేచింది. పైన ఊదితే పైకెందుకు లేవాలన్నది ఆ వారమంతా పిల్లల ఇళ్ళల్లో అన్నం దగ్గర తగువు. ఒక పాప అయితే వాళ్ళమ్మను, నాన్నను, పాలవాణ్ణి, పళ్ళ డాక్టరును కూడా ఊదించింది. ఆ పాపను అందరూ ఎందుకమ్మ అంటారు. ఏ మాటకైనా ఆవిడ గారి జవాబు "ఎందుకు" కాబట్టి.

తర్వాత వచ్చింది అసలు పక్షి. కొత్త చొక్కాల మడతల్లో పెట్టే పల్చటి కాగితం ఉంటుందే, దాన్ని రెక్కల ఆకారంలో కోసి, ముక్కు అంచున వెంట్రుకంత సన్నటి రాగి తీగ ముక్క అంటించాలి. పక్షి సిద్ధం. దీన్ని విసరకూడదు, ఊదకూడదు. తల ఎత్తున వదిలిపెట్టి, వెనకాల ఒక పెద్ద అట్టను రెండు చేతులా పట్టుకుని మెల్లగా నడవాలి. అట్ట ముందు పక్షి తేలుతూ పోతుంది. దారం లేదు, బ్యాటరీ లేదు. అట్ట ఉంది, అట్టహాసం లేదు.

"అట్ట ముందుకి వస్తుంటే దాని ముందున్న గాలి ఎటు పోతుంది?" అని అడిగింది టీచరమ్మ మొదటిసారి.

"తప్పుకుంటుంది టీచర్," అన్నాడు ఒకడు.

"నువ్వు హోంవర్కు నుంచి తప్పుకున్నట్టా? ఎటు తప్పుకుంటుందో చూసి చెప్పు."

ఎందుకమ్మ అట్ట పై అంచుకు కుట్టు దారం ముక్కలు అంటించి నడిచి చూసింది. దారాలు లేచి వెనక్కి వాలాయి.

"గోడ దూకుతోంది టీచర్. కింద నుంచి వచ్చి, అట్ట ఎక్కి, అవతలికి దూకుతోంది."

"ఆ గోడ దూకే గాలి వీపు మీదే మన పక్షి సవారీ. పక్షి కిందికి జారుతూనే ఉంటుంది, గాలి పైకి మోస్తూనే ఉంటుంది. రెండూ సరిపోయినంతసేపూ పడదు."

చప్పట్లు కొట్టకూడదు కాబట్టి పిల్లలు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు. ఆ హాలులో అదే చప్పట్లు.

అంతా బాగానే ఉంది, ఒక్క ఫ్యాను తప్ప. ఆ పక్షి ఎంత తేలికంటే దగ్గరలో ఎవరైనా నిట్టూర్చినా దారి మార్చుకుంటుంది. అందుకని తరగతి జరిగినంతసేపూ కిటికీలు మూసి ఫ్యాను ఆపాలి. హాలు రెండో చివర పత్రికల బల్ల దగ్గర కూర్చునే పెద్దలేమో ఆ ఫ్యానుకు వీరాభిమానులు, అంటే ఫ్యానుకు ఫ్యాన్లు. వాళ్ళు ఇంట్లో చదవలేక కాదు వచ్చేది. ఇంట్లో చదువుతుంటే ఎవరో ఒకరు పని చెబుతారు. వాళ్ళ నాయకుడు రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగమంతా నిలబడే చేసినందుకు ఇప్పుడు కూర్చోవడం తన జన్మహక్కని ఆయన నమ్మకం. ఫ్యాను కింద సరిగ్గా ఏ కుర్చీకి గాలి ఎక్కువ తగులుతుందో ఆయనకు తెలుసు. అందులో వేరేవాళ్ళు కూర్చుంటే పక్కన నిలబడి, లేచేదాకా దగ్గుతాడు.

ఒక ఆదివారం ఆయన ఉష్ మేడమ్ బల్ల దగ్గరకు వచ్చాడు. టీచరమ్మ అక్కడే ఉంది.

"మేడమ్, మేం నాలుగు ముక్కలు చదువుకుందామని వస్తాం. వీళ్ళు ఫ్యాను ఆపేసి కాగితాలు ఎగరేస్తున్నారు. ఎగరేసేవి బయట ఎగరేసుకోమనండి."

"బయట గాలి ఉంటుందండీ," అంది టీచరమ్మ.

"ఎగరాలంటే గాలి వద్దా అమ్మా?"

"కావాలండీ. కదలకుండా కావాలి."

"కదలని గాలి సరిపోయేదైతే నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి కదమ్మా."

ఉష్ మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చాలా గ్రంథం నడిచాక గానీ ఆవిడ తీర్పు చెప్పదు. ఈసారి తొందరగానే చెప్పింది.

"వచ్చే ఆదివారం చూపించండి టీచర్ గారూ. గుమ్మం దగ్గర వదిలిన పక్షి పత్రికల బల్ల దాకా రావాలి. చెయ్యి తగలకూడదు, గొడవ కాకూడదు. మీ గంట అయ్యేలోపల వస్తే ఈ గంట ఇకపై పిల్లలదే, ఫ్యాను ఆపుతాను. రాలేదనుకోండి, హాలు వీళ్ళకి వదిలెయ్యండి."

"అలాగే," అని ఇంటికి వచ్చేసింది టీచరమ్మ. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, కింద పడి ఉన్న బట్ట ముక్కల్ని చాలాసేపు కాలితో కదుపుతూ ఉండిపోయింది.

"ఏమైంది? మీ పక్షి గాలి ఎవరైనా తీసేశారా?" అన్నాడు మాస్టరు.

"హాలు పోయేలా ఉందండీ. పోతే ఇంకెక్కడా కుదరదు. బడిలో వరండా అంతా ఈదురుగాలి, ఇక్కడ మీ మిషన్లు. మళ్ళీ నాలుగు బాణాలు గీసుకుంటూ కూర్చోవాలి."

ఆవిడ గొంతులో ఏదో విని ఆయన మిషను ఆపాడు. ఆయన మిషను ఆపడం, నోరు ఆపడం ఒకేసారి జరగడం అరుదు.

"పాత పక్షులు నలిగిపోయాయి. కొత్తవి కావాలి. మీరు కోసిపెడతారా?"

"నన్ను కోయమని ఒకరు అడగాలా? పొద్దున లేస్తే నేను కోసేవి కోతలే కదా."

"ఆ కోతలు కాదు. ఇదిగో, ఈ అట్ట ముక్క కొలత. అచ్చం ఇలాగే ఉండాలి."

మాస్టరు ఆ మాటను నెత్తిన పెట్టుకున్నాడు. అక్కడే పెట్టుకున్నాడు, చేతికి చెప్పలేదు. శనివారమంతా కొట్లో గిరాకీ. ఆదివారం పొద్దున్నే లేచి, పల్చటి కాగితాలను దొంతరగా పేర్చి, అట్ట ముక్క పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీశాడు. కత్తెర తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ కత్తెర గీత మీద ఎన్నడూ నడవలేదు. ఎవరి బట్ట అయినా సరే గీతకు వేలెడు అవతల కోయడమే దాని నడక. పిల్లలు పెరుగుతారు, పెద్దలు పొంగుతారు, రేపు విప్పుకుని వదులు చేసుకోవడానికి లోపల కాస్త బట్ట ఉండాలి. ఆ రోజు కూడా అది చుట్టూ వేలెడు వదిలి, కరకరా తన దారిన తాను వెళ్ళిపోయింది. మాస్టరు వాటిని అట్టపెట్టెలో సర్ది, తన పనితనానికి తానే మురిసి, బయల్దేరుతున్న భార్య చేతిలో పెట్టాడు. ఆవిడకు పెట్టె విప్పి చూసే వ్యవధి లేదు. వెనకే ఆయనా వచ్చాడు. ఉష్ మేడమ్ ఆయన్ని చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆయన రెండు వేళ్ళు పెట్టుకున్నాడు.

హాలు నిండింది. కొందరు అమ్మానాన్నలు గోడ వారగా నిలబడ్డారు. పెద్దలందరూ పత్రికల బల్ల చుట్టూ తీర్పు ఇచ్చేవాళ్ళలా కూర్చున్నారు. కిటికీలు మూశారు. ఫ్యాను ఆగింది. కండక్టరు తాత చొక్కా పై బొత్తాం తీసి, అందరికీ కనపడేలా నుదురు తుడుచుకున్నాడు. అప్పటికింకా చెమట పట్టలేదు.

రాగి తీగలు అంటించడం అయ్యాక మొదటి పక్షిని వదిలారు. అది ముక్కు పైకెత్తింది, ఒక్క క్షణం గాలిలో ఆలోచించింది, వెనక్కి వాలి నేల మీద వెల్లకిలా పడుకుంది. రెండోదీ అంతే. మూడోది కూడా. విందు భోజనం చేసిన అల్లుళ్ళలా ఒక్కొక్కటే వెనక్కి జారగిలబడ్డాయి.

"స్టాపు రాకుండానే దిగిపోతున్నాయేం?" అన్నాడు కండక్టరు తాత, పక్కవాడికి చెబుతున్నట్టు అందరికీ వినపడేలా.

"ఉష్," అంది మేడమ్. ఆయనకు ఆ మాట ఆ హాలులో మొదటిసారి తగిలింది.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. పిల్లలు ఆవిడ వైపు చూశారు. ఆవిడ పక్షిని అందుకోబోయి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"నా మొహం మీద ఏముంది? దాన్ని చూడండి. అది ఏం చేస్తోంది?"

"ముక్కు ఎత్తుతోంది," అన్నాడు ఒకడు గుసగుసగా.

"ఎందుకు?" అంది ఎందుకమ్మ, అలవాటుగా. తర్వాత తనే కూర్చుని ఒక పక్షిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "టీచర్, ఇది పోయిన వారం దాని కన్నా లావుగా ఉంది."

టీచరమ్మ దాన్ని చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. అందరూ గుమ్మం వైపు చూశారు.

"చుట్టూ వేలెడు వదిలాను," అన్నాడు మాస్టరు తన గుసగుసలో. కింద మందుల షాపులో ఎవరో "ఎవరండీ పైన" అన్నారు.

"ఎందుకంకుల్?"

"రేపు పెరుగుతుంది కదా అని."

"ఏది? పక్షా?" అన్నాడు ఒక బుడ్డోడు.

"అలవాటురా. వదలకపోతే బిగుతైందని మళ్ళీ నా మీదకే వస్తారు."

గోడ వారగా ఉన్న అమ్మలు నోటికి కొంగులూ చేతులూ అడ్డం పెట్టుకున్నారు. ఉష్ మేడమ్ ఉష్ అనబోయింది గానీ, దానిలోకి నవ్వు దూరి అది తుమ్ములా వచ్చింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. మొగుణ్ణి ఆవిడ చూసిన చూపుకు ఆయన తలుపు చాటుకు సగం జరిగాడు. ఆయన కుట్టేవాడే గానీ కుట్రలు చేసేవాడు కాదని ఆవిడకు తెలుసు. తెలిసినా, చూపు చూపే.

"సరే. అన్ని వైపులా ఎక్కువైంది. ఇప్పుడేం చేద్దాం?" అంది పిల్లలతో. కొలత అట్ట కొట్లోనే ఉండిపోయింది. ఎవరైనా పరుగెత్తి తెస్తే ఐదు నిమిషాల పని. మాస్టరు తేబోతే ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

పిల్లలు గుంపుగా కూర్చున్నారు. గుసగుసల్లో యుద్ధం మొదలైంది. చుట్టూ కోసేద్దామని ఒకడు. కొయ్యక్కర్లేదు, ముక్కుకు ఇంకో తీగ పెడదామని ఇంకొకడు. "వెనక్కే కదా పడుతోంది, తోకే బరువు. తోక ఒక్కటీ కోద్దాం," అని ఎందుకమ్మ.

"మూడూ చేసి చూడండి," అంది టీచరమ్మ.

మాస్టరు జేబులోంచి కత్తెర పిల్లల చేతికి వెళ్ళింది. చుట్టూ కోసింది కాస్త నయం అనిపించింది గానీ, కోసినవాడి చెయ్యి వంకర కావడంతో ఒక పక్కకే తిరిగి పుస్తకాల బీరువాలో దూరింది. రెండు తీగలది ముక్కుసూటిగా నేలకు దిగింది. తోక కోసింది ముక్కు ఎత్తింది గానీ, ఈసారి కొంచెమే. ఇంకొంచెం కోశారు. ఇంకొంచెం. మూడో కోత తర్వాత అది చేతిలోంచి వదలగానే మెట్లు దిగే పెద్దమనిషిలా తొణక్కుండా జారుకుంటూ వెళ్ళి కాస్త దూరంలో వాలింది. పిల్లల చేతులు పైకి లేచి వేళ్ళు ఆడాయి. బల్ల దగ్గర ఒక పెద్దాయన కూడా వేళ్ళు ఆడించి, కండక్టరు తాత చూడగానే తల గోక్కున్నాడు.

కానీ గంటలో చాలా భాగం అయిపోయింది, ఇంకా గుమ్మం నుంచి నాలుగు అడుగులు కూడా దాటలేదు. ఇప్పుడు తప్పు పక్షిది కాదు. అట్ట పట్టుకున్న ప్రతివాడూ గెలవాలన్న కంగారులో పరుగు లంకించుకుంటున్నాడు. అట్ట పక్షిని దాటిపోతోంది. పక్షి అట్ట నెత్తి మీదుగా వెనక్కి పడుతోంది. ఒకడు పడేశాడు, ఇంకొకడు పడేశాడు, ఎందుకమ్మ కూడా మొదటి బీరువా దగ్గరే పారేసుకుంది. కన్నీళ్ళు వస్తున్నాయి గానీ ఏడిస్తే చప్పుడవుతుందని మింగేసింది.

"అంత తొందరైతే ఎలా?" అన్నాడు కండక్టరు తాత ఉండబట్టలేక. "బండి కదిలినట్టు కదలాలి. ఎగిరి గంతేస్తే ఎవరు నిలబడతారు?"

ఎందుకమ్మ గబగబా ఆయన దగ్గరకు వెళ్ళి అట్ట ఆయన ముందు పెట్టింది.

"మీరు నడవండి మరి."

"నేనెందుకు? నేను అటు పక్షం."

"మీకు రాదా?"

బల్ల చుట్టూ ఉన్న మిత్రులు పత్రికలు దించి చూశారు. ఆయన లేచాడు. "అసలు ఇది అయ్యే పనే కాదని చూపిస్తాను," అని అట్ట పుచ్చుకుని గుమ్మం దాకా వచ్చాడు. పక్షి ఆ పక్షం చేతికి వెళ్ళింది, గంటలో మిగిలింది కాస్తే. టీచరమ్మ చీర చెంగు ముడి వేసి విప్పి, మళ్ళీ ముడి వేసింది.

ఎందుకమ్మ స్టూలు ఎక్కి పక్షిని వదిలింది. తాత అడుగు వేశాడు. మోకాళ్ళ నొప్పి వల్లనో, కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నడిచిన కాళ్ళు కాబట్టో, అది అడుగు వేసినట్టు లేదు, నేలే ఆయన కింద జరిగినట్టు ఉంది. పక్షి అట్ట ముందు నిలబడి తేలింది. ఒక బీరువా దాటింది. రెండో బీరువా దాటింది. పడిపోతుందని చూపించడానికి వచ్చినవాడు, అది ఒక పక్కకి ఒరగబోతే అట్ట అటు తిప్పి సర్దాడు. సర్దాడని ఆయనకే తర్వాత తెలిసింది. ముఖం మీద ఇప్పుడు నిజంగానే చెమట ధార కడుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"ముందుకి జరగాలమ్మా," అన్నాడు మెల్లగా, పక్షితో. "ముందుకి జరగాలి. అక్కడ ఖాళీ ఉంది."

ఎవరూ ఉష్ అనలేదు. పిల్లలు రెండు వైపులా ఊపిరి బిగబట్టి ఒక్కొక్క అడుగే వెంట నడుస్తున్నారు. బల్ల ఇంకా రెండు కుర్చీల దూరం ఉంది. సరిగ్గా అప్పుడే ఆయన చిరకాల మిత్రుడు, ఈ గొడవతో నాకేం పని అన్నట్టు, చదవడం అయిపోయిన పేజీ తిప్పడానికి పత్రికను రెండు చేతులా ఎత్తాడు.

"ఒరేయ్, పేజీ తిప్పావంటే మర్యాద దక్కదు," అని అరిచాడు తాత.

ఆ గ్రంథాలయం పుట్టాక దాని గోడలు అంత గొంతు వినలేదు. మాస్టరు గౌరవంగా తల ఊపాడు. మిత్రుడు పత్రికను సగం గాలిలోనే పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు. పక్షి కొంచెం వణికింది, లేచింది, ఆ తెరిచిన పేజీల మీద వచ్చి వాలింది.

పిల్లల చేతులన్నీ లేచాయి. ఆపైన అమ్మానాన్నలవి, ఆపైన బల్ల దగ్గరివాళ్ళవి. మిత్రుడు మాత్రం "ఇప్పుడు దించొచ్చా?" అన్నాడు చేతులు నొప్పెట్టి.

ఉష్ మేడమ్ గడియారం చూసింది. "గంట లోపలే వచ్చింది. చెయ్యి తగల్లేదు. గొడవ మాత్రం అయింది."

చెంగు ముడి టీచరమ్మ వేళ్ళలోనే ఆగిపోయింది.

"గొడవ చేసింది పిల్లలు కాదు కదండీ," అంది.

"కాదు. మీ ఫిర్యాదు ఏమంటారు సార్?" అని అడిగింది ఉష్ మేడమ్ తాతను. "ఫ్యాను లేకపోతే ఉక్కపోస్తుందన్నారు."

ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. గడ్డం కింద నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఆయన అట్టను ఇంకా వదల్లేదు.

"ఎవరన్నారు?" అన్నాడు.

"అయితే ఆదివారం ఈ గంట పిల్లలదే," అంది ఉష్ మేడమ్, స్విచ్చు వైపు వెళ్ళకుండానే.

టీచరమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. అది తాత కుర్చీయే అని ఎవరూ గుర్తు చేయలేదు. తలుపు చాటు నుంచి మాస్టరు ఇంటికి వెళ్దామా అన్నట్టు సైగ చేశాడు. ఆవిడ రెండు వేళ్ళతో కత్తెర ఆడించినట్టు ఆడించి, ఇంటికెళ్ళాక మీ పని చెబుతానన్నట్టు చూసింది. చూసి, అప్పుడు నవ్వింది.

ఈలోగా గుమ్మం దగ్గర తగువు. తాత అట్టనూ పక్షినీ పట్టుకుని మళ్ళీ మొదటికి వచ్చేశాడు.

"తాతగారూ, ఇప్పుడు నా వంతు," అంటున్నాడు బుడ్డోడు.

"ఒక్క రౌండురా. ఈసారి మలుపు తిప్పుతాను."

"టీచర్, చూడండి, ఇవ్వట్లేదు."

టీచరమ్మ లేచి వెళ్ళి చెయ్యి చాపింది. ఎంత పెద్దవాడైనా ఆ చాపిన చేతిని చూస్తే బలపం ఇచ్చేయాలనిపిస్తుంది. తాత అట్ట ఇచ్చేశాడు.

"వరుసలో రండి తాతగారూ. చివర్న నిలబడండి."

ఆయన వెళ్ళి అందరికన్నా వెనక, ఎందుకమ్మ వెనకాల నిలబడ్డాడు. అంతలోనే ఆయన వెనకాల ఇద్దరు మిత్రులు పత్రికలు చంకలో పెట్టుకుని వచ్చి చేరారు.

"కాస్త జరగమ్మా," అన్నాడు తాత ఎందుకమ్మతో. "వెనక తోసేస్తున్నారు."